బి-పక్క మొదటి ఐదు నిమిషాలు

నమోదు 206, గురువారం

తెప్పలపాలెం వినికిడి శాఖలో రెండో తరగతి శ్రోతనైన నేను, ఫణీంద్ర అనబడువాడను, రెండు చెవులూ సక్రమముగా పనిచేయుచుండగా, ఎవరి బలవంతమూ లేకుండా రాయునది ఏమనగా: ఈ రోజు పదకొండు కాసెట్లు విన్నాను. ఒకదాంట్లో సంగీతం దొరికింది. మిగతా పదింట్లో తలనొప్పి దొరికింది.

ఈ పుస్తకం మొదటి పేజీలో 'శ్రోతలు ఇందులో స్వంత అభిప్రాయములు, హాస్యములు రాయరాదు' అని అచ్చేసి ఉంది. ఎవరూ చదవని పుస్తకంలో ఎవరూ నవ్వని హాస్యం రాస్తే ఎవరికి నష్టమో ఆలోచించాలి.

కాసెట్లు ఈతగాళ్ళు తెస్తారు. నీటి కింది ఊళ్ళలో అటకలు గాలించి, మైనంతో మూత బిగించిన బిస్కట్ల డబ్బాలు దొరికితే పైకి లాగుతారు. పేరున్న పాటలు ఒక్కటీ దొరకదు. పూర్వీకులు వాటినన్నిటినీ మేఘంలో దాచుకుని, ఇంట్లో ఉన్న టేపులు పారేశారట. మేఘం రాలిపోయింది, దాంతోపాటు పాటలూ పోయాయి. ఎవరూ దాచడానికి పనికిరావనుకున్నవే అటకల మీద మిగిలాయి. అందుకని మా ఊరి పిల్లలకి తెలిసిన ప్రాచీన సంగీతం ఏమిటంటే, ఒకాయన ఫ్రిజ్ తలుపు తీస్తూ వేస్తూ చేసిన నలభై నిమిషాలు; ఒక లెక్కల మాస్టారు సుద్దముక్కతో బోర్డును కీచుమనిపించిన 'ఎక్కాలు, రెండో భాగం'. మొదటి భాగం కోసం ఈతగాళ్ళు ఏడేళ్ళుగా మునుగుతూనే ఉన్నారు.

ప్రతి శుక్రవారం సాయంత్రం సంత తెప్ప మీద మైకు బాకాల్లో మూడు వేస్తాం. రెండు కొత్త విడుదలలు, ఒక పునర్విడుదల. ఆ పునర్విడుదలను వెతకడమే నా ఉద్యోగం.

ఈ రోజు పదకొండో కాసెట్టు ముప్పై నిమిషాల పక్కలు రెండు ఉన్నది. డబ్బాలో కాగితం మీద 'పనయ్యాక' అని ఒకే మాట, నీలం సిరాతో. బి-పక్క పైకి ఉంది కాబట్టి బి-పక్కే ముందు పెట్టాను. నాలుగు నిమిషాలు విన్నాను. ఏమీ లేదు. నిబంధన తొమ్మిది ప్రకారం నాలుగు నిమిషాలు ఏమీ లేకపోతే ఖాళీ అనుకోవచ్చు. అయితే మధ్యలో ఒకసారి, చివర ఒకసారి కూడా పెట్టి చూడాలి. ఫారంలో మూడు గళ్ళుంటాయి: మొదట, మధ్య, చివర. క్యాంటీన్లో గురువారం చందువా చేప వేపుడు. ఒంటిగంట దాటితే తోక ముక్కలే మిగులుతాయి. మూడు గళ్ళలోనూ టిక్కు పెట్టి, 'ఖాళీ' అని సంతకం చేసి వెళ్ళాను. వేపుడు బాగుంది.

తిరిగొచ్చి ఎ-పక్క పెట్టాను. సాయంత్రం దాకా కుర్చీలోంచి లేవలేదు.

వడ్ల మిల్లు. తిరుగుతున్న మిల్లు మధ్యలో నిలబడి ఎవరో ఇనుము మీద ఇనుముతో కొడుతున్నారు. మొదట అదీ యంత్రంలో భాగమే అనుకున్నాను. పదో నిమిషంలో అది యంత్రాన్ని వెక్కిరిస్తోందని తెలిసింది. ఇరవయ్యో నిమిషానికి యంత్రమే దాని వెనక పరిగెత్తుతోంది. చివరి రెండు నిమిషాలు హోరు ఎంత పెరిగిందంటే, టేపు తెగుతుందేమో అనిపించింది; అంతలో టక్కున ఆగిపోయింది. చదువుకున్నవాణ్ణి కాబట్టి దీన్ని ఏమనాలో నాకు తెలుసు. ఏమీ అనలేకపోయాను.

ఎ-పక్కను మాస్టరు రీలుకి ఎక్కించాను. బి-పక్క ఖాళీ గనక, ఆనవాయితీ ప్రకారం కాసెట్టును కెరటాల శాఖకి పంపాను. ఆటుపోట్ల కొలతలు చెప్పి రికార్డు చేసుకోవడానికి వాళ్ళకి ఎప్పుడూ టేపు కరువే.


నమోదు 207, శుక్రవారం

కొత్త విడుదల ఒకటి: 'ఉప్పు తీసే గొట్టానికి మూడు దశలు', ప్రవల్లిక అనే ఫిట్టరమ్మాయి. రెండో దశలో గొట్టం నిజంగానే పగిలింది. ఆమె రికార్డింగు ఆపలేదు, నీళ్ళూ ఆపలేదు. వీధి తడిసింది, కళ బతికింది. కొత్త విడుదల రెండు: వల తాళ్ళని బిగించి పదహారు మంది లాగే కచేరీ. పదిహేను మంది చాలేమో.

తర్వాత 'పనయ్యాక'.

సంత నిలిచిపోయింది. బేరాలాడేవాళ్ళు చేతులు గాలిలో ఉంచుకుని అలాగే నిలబడ్డారు. అయిపోయాక చాలాసేపు చెవుల్లో గింగురుమనడం తప్ప ఎవరికీ ఏమీ వినిపించలేదు. కోడిగుడ్లామె సరుకు పేరు అరుస్తోందని పెదాలు చూసి తెలుసుకున్నాం.

మా శాఖాధికారిణి భ్రమరాంబ గారు చెవిలో వేలు పెట్టి తిప్పుకుంటూ వచ్చారు.

"రెండో పక్క ఏదయ్యా?"

"ఖాళీ అండీ."

"విన్నావా?"

"సంతకం పెట్టానండీ."

"నేనడిగింది విన్నావా అని."

"విన్నానండీ," అన్నాను. నాలుగు నిమిషాలు వినడం కూడా వినడమే. వ్యాకరణం ఒప్పుకుంటుంది.


నమోదు 209, ఆదివారం

సెలవు రోజు. అయినా డ్యూటీలో ఉన్నాను, ఎందుకంటే ఇంట్లో గోడలు తడి. పదింటికి ఒక పెద్దావిడ పడవ దిగి వచ్చింది. ఎనభై దగ్గర ఉంటాయి. చేతులు మాత్రం నావి రెండు కలిపితే ఆవిడది ఒకటి.

"ఏమయ్యా, పాటలేసే బాబువి నువ్వేనా?"

"వినే బాబును మామ్మగారూ. వేసేది బాకా."

"అట్టాగా. మొన్న ఏసింది నాదే. నా పేరు నాంచారమ్మ. ఆ ఇనుము కొడతన్నది నేనే."

నెలకి ముగ్గురైనా వస్తారు ఇలా. ఫ్రిజ్ తలుపు తమ తాతదేనని ఇప్పటికి తొమ్మిది కుటుంబాలు దావా వేశాయి. అందుకని శాఖాపరమైన గాంభీర్యంతో రుజువు అడిగాను. ఆవిడ నా టీ గ్లాసులోంచి చెంచా తీసి, రేకు బల్ల మీద కొట్టడం మొదలుపెట్టింది. ఏడు దెబ్బలు, ఒక తడబాటు, మళ్ళీ ఏడు. గ్లాసు అంచుదాకా నడుచుకుంటూ వెళ్ళి కింద పడింది. టేపులో నేను విన్నది అదే.

"వడ్లు ఆడే హల్లరు బెల్టుకి ఒక అతుకు ఉంటది," అంది. "ఆ అతుకు చక్రం మీదికి వచ్చినప్పుడల్లా టప్పుమంటది. దాన్ని పట్టుకునే నా లెక్కంతా. మిల్లు ఓనరు కొత్త బెల్టు తెస్తానంటే నేనే వద్దన్నా." ఆవిడ నవ్వింది. "సరే గానీ, రెండో పక్క ఎప్పుడేస్తారు?"

"అందులో ఏముంది మామ్మగారూ?"

"యేసుపాదం ఉన్నాడు."

యేసుపాదం బస్తాలు మోసేవాడట. మిల్లు ఆపేశాక, వడ్లు పోసే పెద్ద ఇనప బిన్ను ఖాళీగా ఉంటే అందులోకి దిగి, నోరు మూసుకుని పాడేవాడట. ఓనరుగారి టేపురికార్డరు అడిగి తెచ్చి, ఒక్కసారే, ఒక్క సాయంత్రమే టేపు మీద పట్టారు.

"మీ ఆయనా?"

"ఆయనా కాదు, అన్నా కాదు. జతగాడు. నీళ్ళొచ్చిన ఏడు పోయాడు. ఒక్క ఫోటో లేదు బాబూ. ఈమధ్య మొహం మర్చిపోతన్నా. ముందు చెవులు పోయినయ్, తర్వాత గడ్డం, ఇప్పుడు కళ్ళు ఎట్టా ఉండేయో కూడా గుర్తు రావట్లా. ఆ గొంతు ఒక్కసారి మొత్తం వింటే మొహం దానంతటదే వస్తది. అందుకని వచ్చా."

ఇక్కడ రెండో తరగతి శ్రోత చెప్పవలసిన వాక్యం ఒకటుంది. 'పొరపాటున ఖాళీ అని రాసి పంపేశాను మామ్మగారూ, రండి వెతుకుదాం.' ఇంతే. నేను చెప్పిన వాక్యం ఇది:

"టేపుకి ఉప్పు పట్టింది మామ్మగారూ. శుభ్రం చేస్తున్నాం. మూడు వారాలు పడుతుంది."

"పట్టనీ నాయనా. ఇన్నేళ్ళు ఆగిందాన్ని." ఒళ్ళోంచి అటుకుల పొట్లం తీసి బల్ల మీద పెట్టింది. ఈ ఊళ్ళో అటుకులంటే పెళ్ళిళ్ళకి దాచుకునే వస్తువు. వద్దనలేదు నేను. తిన్నాను. కరకరలాడాయి.


నమోదు 212, బుధవారం

నాకు నేను న్యాయవాదిగా నిలబడి వాదించుకున్నాను. నిబంధన తొమ్మిది నేను రాసింది కాదు. చందువా వేపుడు పెట్టిన రోజు నేను నిర్ణయించింది కాదు. మొదటి నాలుగు నిమిషాలు ఏమీ పాడకుండా ఉన్నది యేసుపాదం గారు, నేను కాదు. న్యాయమూర్తి కూడా నేనే గనక కేసు కొట్టేశాను. అయినా ముద్దాయికి నిద్ర పట్టలేదు.

కెరటాల శాఖకి వెళ్ళి అడగవచ్చు. మా కిటికీలోంచి కనిపిస్తుంది; మధ్యలో ఎనభై అడుగుల చెక్క వంతెన. అక్కడి గుమాస్తా ఖాసిం గారు కమ్మీకి లుంగీ ఆరేసుకోవడం రోజూ చూస్తాను. కానీ ఖాళీ టేపు వాళ్ళ చేతికి వెళ్ళగానే అయస్కాంతం మీద పెట్టి మొత్తం తుడిచేస్తారు. ఇది మా శాఖలో అందరికీ తెలుసు. ఎవరు చెప్పగా తెలిసిందో ఎవరికీ తెలియదు. పోయినదాని కోసం వెళ్తే, ఎందుకడుగుతున్నావంటారు. ఎందుకో చెబితే భ్రమరాంబ గారికి తెలుస్తుంది. మూడు గళ్ళలో దొంగ టిక్కు పెట్టిన శ్రోతకి శ్రోత కార్డు ఉండదు. కార్డు లేకపోతే, కాలేజీలో నాలుగేళ్ళు శబ్దశాస్త్రం చదివిన నేను బాకాలు తుడుచుకోవాలి.

కాబట్టి వంతెన దాటలేదు.


నమోదు 216, ఆదివారం

నాంచారమ్మ గారు రెండు రోజులకోసారి వస్తోంది. "ఉప్పు పోయిందా?" అంటుంది. "పోతోంది మామ్మగారూ," అంటాను. పోతున్నది ఏమిటో నాకే తెలుసు.

ఈ రోజు ఒక పని చేశాను. దాన్ని ఏమనాలో తెలియక 'వివరాల సేకరణ' అని శీర్షిక పెట్టాను. ఎదురుగా కుర్చీ వేసి, పెన్ను తీసి అడిగాను: యేసుపాదం గారి గొంతు ఎలా ఉండేది? పెద్దదా, సన్నమా?

"బొంగురు. పొగాకు గొంతు. కిందికి పోయేకొద్దీ తియ్యగా ఉండేది."

"ఎంతసేపు లాగేవారు?"

"ఒక ఊపిరికి బయట నేను ముప్పై దాకా లెక్కేసేదాన్ని. బిన్ను గోడలు మళ్ళీ పాడేయి. ఆయన ఆపినాక కూడా పాడతానే ఉండేయి. అదిగో, అప్పుడు నవ్వేవాడు. నవ్వు కూడా గోడలు తిరిగి నవ్వేయి." ఆవిడ కొంచెం పాడి చూపించింది, కళ్ళు మూసుకుని. నా చెయ్యి ఆగకుండా రాసుకుంది.

ఎలా మొదలయ్యేదని మాత్రం అడగలేదు. పాట పాటలాగే మొదలవుతుంది కదా అనుకున్నాను.

వెళ్తూ వెళ్తూ నా తల మీద చెయ్యి పెట్టింది. "ఇంత శ్రద్ధగా ఎవరడుగుతారు నాయనా," అంది.


నమోదు 221, శుక్రవారం

చేసేశాను.

నాలుగో నంబరు మంచినీళ్ళ ట్యాంకు కడగడానికి ఖాళీ చేశారు. పాత రికార్డరు చంకలో పెట్టుకుని దిగాను. నేను పొగాకు తాగను గనక మూడు రోజులు పచ్చి మిరపకాయలు తిని గొంతు పాడుచేసుకున్నాను. నోరు మూసుకుని ఇరవై ఐదు నిమిషాలు పాడాను. ట్యాంకు తిరిగి పాడింది. నవ్వాల్సిన చోట నవ్వాను కూడా. ఆ నవ్వు గోడల మీద తిరిగి వస్తుంటే, నా వెనక ఎవరో నిలబడి నన్ను చూసి నవ్వుతున్నట్టు అనిపించి, చప్పున పైకెక్కేశాను.

తర్వాత కాసెట్టును ఉప్పునీళ్ళలో ముంచి, నా చొక్కాల మధ్య దండెం మీద ఆరేశాను. గాలికి ఊగుతుంటే చూడముచ్చటగా ఉంది. భ్రమరాంబ గారు అటు వెళ్తూ, "అదేంటయ్యా?" అన్నారు.

"బి-పక్కండీ. ఖాళీ అనుకున్నాం గానీ అడుగున ఏదో ఉందండీ."

ఆవిడ కాసెట్టును ఒకసారి తిప్పి చూశారు. "నీలో ఇంత పనితనం ఉందనుకోలేదు," అన్నారు. ఇది పొగడ్త అయితే బాగుండు.


నమోదు 228, శుక్రవారం

కొత్త విడుదలలు ఏమిటో గుర్తు లేదు. క్షమించాలి. నా ఉద్యోగమే అది.

నాంచారమ్మ గారు ఉతికిన చీర కట్టుకుని, బాకా ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. తల దువ్వుకుని పిన్ను కూడా పెట్టుకుంది. ముందు ఎ-పక్క వేశాం, జనం అడిగారు గనక. హోరు ఆగింది. ఆగిన వెంటనే నా గొంతు మొదలైంది.

ఆవిడ తల తిప్పి బాకాను చూసింది. తర్వాత నన్ను చూసింది. తర్వాత మళ్ళీ బాకాను చూస్తూ, ఇరవై ఐదు నిమిషాలూ కదలకుండా కూర్చుంది. అయిపోయాక సంత అంతా చప్పట్లు కొట్టింది. ఫిట్టరు ప్రవల్లిక ఏడుస్తోంది. నా జీవితంలో నాకు దక్కిన మొదటి చప్పట్లు ఇవి. ఇవి నావని చెప్పుకోవడానికి లేదు, కావని చెప్పుకోవడానికీ లేదు.

జనం పలచబడ్డాక ఆవిడ నా దగ్గరికొచ్చింది.

"గొంతు బాగుంది బాబూ. ఎవరి అబ్బాయిది?"

"యేసుపాదం గారు కదా మామ్మగారూ."

"కాదులే. ఇది మాది కాదు. మాది ఇట్టా మొదలుకాదు." పీట చంకలో పెట్టుకుంది. "మిల్లు ఆగినాక ఐదు నిమిషాల దాకా ఏమీ వినపడదు నాయనా. చెవులు దిమ్మెక్కిపోయి ఉంటాయి. అవి చల్లబడితే గానీ మనిషి గొంతు పట్టవు. మాకు రోజూ అలవాటేగా. అందుకని కాసెట్టు తిప్పి, ఊరికే వదిలేసి, ఐదు నిమిషాలు గోడకానుకుని కూర్చున్నాం ఇద్దరం. మా చెవులతోపాటు వినేవాళ్ళ చెవులూ చల్లబడాలని యేసుపాదమే అన్నాడు. ఆ తర్వాతే బిన్నులోకి దిగాడు."

ఐదు. నేను నాలుగు దగ్గర ఆపాను.

"పాపం, ఏదో ఏరే కాసెట్టు కలిసిపోయినట్టుంది," అంది. "మాది ఎతుకు బాబూ."

"అవును మామ్మగారూ. కలిసిపోయినట్టుంది," అన్నాను.


నమోదు 229, శనివారం

నమోదు చేయదగినది ఏమీ లేదు.


నమోదు 230, ఆదివారం

పొద్దున తొమ్మిదింటికి ఆవిడ తెప్పకి వెళ్ళాను. ఆవిడ వాకిట్లో కూర్చుని వల బాగుచేస్తోంది. ముందు హాస్యంగా మొదలుపెడదామనుకున్నాను. ఒక వాక్యం తయారుచేసుకున్నాను కూడా. అది వాడలేదు.

మొత్తం చెప్పాను. నాలుగు నిమిషాలు, మూడు టిక్కులు, వేపుడు, కెరటాల శాఖ అయస్కాంతం, ఉప్పు అబద్ధం, మంచినీళ్ళ ట్యాంకు, మిరపకాయలు. ఆవిడ వల మీంచి చేతులు తియ్యలేదు.

"అయితే ఆ నవ్వు?"

"నాదే."

"ఊఁ." రెండు ముళ్ళు వేసింది. "నేను చెప్పిన నవ్వే నువ్వు నాకు తిరిగి వినిపించావన్నమాట."

ఆవిడ ముడి బిగించి, దారం కత్తిరించింది.

"సరే. తుడిచేశారంటన్నావు. డబ్బాలో కాగితం ఉంటది. 'పనయ్యాక' అని రాసింది ఆయనే. అదన్నా తెచ్చిపెట్టు. పో."

వంతెన దాటాను. ఎనభై అడుగులు. మూడు వారాలు పట్టింది.

ఖాసిం గారు మధ్యాహ్నం భోజనానికి కూర్చోబోతున్నారు. డబ్బా అడిగితే, "డబ్బా ఎందుకు ఫణీ? కాసెట్టు ఇంకా నడుస్తోందిగా," అన్నారు.

"నడవడం ఏంటండీ?"

"ఇంకా నిండలేదు. నాలుగింటి పోటుకి కావాలి నాకు."

"తుడిచెయ్యరా? అయస్కాంతం?"

"ఏ అయస్కాంతం? మా దగ్గర స్టేప్లరుకే గతి లేదు. టేపు వస్తుంది, పెడతాను, బటన్ నొక్కి కొలత చదువుతాను, ఆపేస్తాను. మళ్ళీ ఆటుకి మళ్ళీ. ఎంత చదివితే అంతే చెరుగుతుంది. మిగతాది ఎట్టా ఉంటే అట్టానే ఉంటుంది."

ఆయన కొలతల పుస్తకం తెరిచాను. రోజుకి నాలుగు కొలతలు. ఒక్కోటి పద్దెనిమిది సెకన్లు. రోజుకి డెబ్బై రెండు. నేను వంతెన ఇవతల నిలబడి లుంగీలు చూస్తున్నంతసేపూ, రోజుకి డెబ్బై రెండు సెకన్ల చొప్పున, ఖాసిం గారు తన పని తాను చేసుకుపోయారు.

అక్కడే వెనక్కి లెక్కపెట్టాను. నాంచారమ్మ గారు మొదటిసారి వచ్చిన ఆదివారం నాటికి చెరిగింది రెండున్నర నిమిషాలు కూడా కాదు. అదంతా చెవులు చల్లబడే ఐదు నిమిషాల్లోదే. ఆ రోజు ఆ ఒక్క వాక్యం చెప్పి ఉంటే, యేసుపాదం గారి గొంతు ఒక్క సెకను కూడా పోయేది కాదు. నేను నాకు నేను న్యాయమూర్తినై కేసు కొట్టేసిన బుధవారం తెల్లవారుజామునే, ఆయన తీసుకున్న మొదటి ఊపిరి మీద ఖాసిం గారు 'ఆరడుగుల రెండంగుళాలు, గాలి ఆగ్నేయం' అని చదివారు. నమోదు చేయదగినది ఏమీ లేదని రాసుకున్న నిన్న కూడా డెబ్బై రెండు సెకన్లు.

మిగిలింది మూడు నిమిషాలు.

కాసెట్టూ, కాగితం ఉన్న డబ్బా పట్టుకుని మళ్ళీ ఆవిడ దగ్గరికి వెళ్ళాను. లెక్క కూడా చెప్పాను. చెప్పకపోతే ఆవిడకి తెలియదు. తెలియదు గనకే చెప్పాను.

ఆవిడ కాగితం మీద నీలం అక్షరాలను బొటనవేలితో తడిమింది. నేను తిట్ల కోసం ఎదురుచూశాను. తిడితే కొంచెం తేలికవుతుందని ఆశ. ఆవిడ ఆ సాయం చెయ్యలేదు.

"ఇరవై రెండు నిమిషాలు," అంది చివరికి. "అన్ని రోజులూ నా అటుకులు తిన్నావు."

"ఇప్పుడే వింటారా మామ్మగారూ? రికార్డరు తెచ్చాను."

"ఇట్టా కాదు. ముందు మిల్లు వినాలి. తర్వాత చెవులు చల్లబడాలి. అట్టా వింటేనే వస్తాడు. శుక్రవారం ఊరందరి ముందూ ఎయ్యి. ఐదు నిమిషాలూ ఒదిలిపెట్టి ఎయ్యి. ఆ ఐదు నిమిషాలూ నువ్వు బాకా కింద నిలబడు."


నమోదు 231, సోమవారం

భ్రమరాంబ గారికి రాతపూర్వక సంజాయిషీ ఇవ్వాలి. విడిగా రాస్తే మళ్ళీ ఏదో ఒకటి అందంగా రాస్తానని భయం వేసి, ఈ పుస్తకమే ఇచ్చాను. ఆవిడ నిలబడే చదివారు. ఒకచోట పెదవి కదిలింది. నవ్వో కాదో అడగలేదు.

శ్రోత కార్డు మూల కత్తిరించి నా చేతిలో పెట్టారు. వచ్చే శనివారం నుంచి కెరటాల శాఖలో ఖాసిం గారి కింద. పని: కొత్తగా వచ్చే ప్రతి ఖాళీ టేపునూ, కొలత చదివే ముందు, మొదటి నుంచి చివరిదాకా వినడం.

"చివరిదాకా అంటే?" అన్నాను అలవాటు కొద్దీ.

"అర్థం కాకపోతే మూడు గళ్ళు గీసిస్తాను," అన్నారు.


నమోదు 235, శుక్రవారం

పునర్విడుదల ప్రకటన నేనే చదివాను, మైకులో. "'పనయ్యాక', బి-పక్క. పాడినది యేసుపాదం. పట్టినది నాంచారమ్మ. పోయిన వారం మీరు చప్పట్లు కొట్టింది నా గొంతుకి, అది దొంగది. అసలుది ఇరవై ఐదు నిమిషాలు. అందులో ఇరవై రెండు నిమిషాలు పోవడానికి కారణం నేను. మూడు మిగిలాయి. ముందు ఐదు నిమిషాలు ఏమీ ఉండదు. దయచేసి ఉండండి."

సంతలో ఎవరూ అరవలేదు. ప్రవల్లిక నన్నోసారి చూసి మొహం తిప్పుకుంది. పోయిన వారం ఏడ్చిన కళ్ళు కదా, వాటికి ఆ హక్కుంది.

మిల్లు మొదలైంది. అతుకు టప్పుమన్న ప్రతిసారీ నాంచారమ్మ గారి వేళ్ళు పీట మీద కదిలాయి. హోరు పెరిగి పెరిగి టక్కున ఆగింది.

నేను బాకా కింద నిలబడ్డాను. మొదటి నిమిషం చెవుల్లో గింగురే. ఊరంతా నన్నే చూస్తోంది. రెండో నిమిషంలో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మూడో నిమిషంలో జోకు ఒకటి నోటిదాకా వచ్చింది, మింగాను. నాలుగో నిమిషం అవుతుండగా, నిజం రాస్తున్నాను, నా కుడిచెయ్యి దానంతటది లేచి, లేని బటన్ కోసం గాలిలో వెతికింది.

ఐదో నిమిషం. తెప్పకి నీళ్ళు తట్టుకోవడం వినిపించింది. ఎవరిదో పసిపిల్ల ముక్కు ఎగపీల్చడం వినిపించింది. ఎక్కడో దూరంగా ఒక తాడు ఒరుసుకోవడం, నాంచారమ్మ గారి ఊపిరి, నాది. ఇవన్నీ ఎప్పుడూ ఉన్నవే.

అప్పుడు ఆయన వచ్చాడు. ఊపిరి మధ్యలోంచి, సగం స్వరంలోంచి. బొంగురుగా, కిందికి పోయేకొద్దీ తియ్యగా. ఇనప గోడలు తిరిగి పాడుతున్నాయి. బయట నుంచి చాలా మెల్లగా ఇనుము మీద ఒక దెబ్బ, ఇంకొకటి. నేను అనుకరించింది దీన్నా అనుకుని, కింద చెక్కలు విడిపోయి నీళ్ళలోకి జారిపోతే బాగుండునని నిలబడ్డాను. ఆయన ఆపాడు. గోడలు ఆపలేదు. ఆయన నవ్వబోతున్నాడని నాకు తెలుసు. ఊపిరి తీసుకున్నాడు.

క్లిక్. టేపు అయిపోయింది.

చప్పట్లు ఎవరూ కొట్టలేదు. నాంచారమ్మ గారు కళ్ళు మూసుకునే ఉంది. నేను వెళ్ళి పక్కన కింద కూర్చున్నాను. అడగకూడదని తెలుసు. అడిగాను.

"వచ్చాడా మామ్మగారూ?"

"గడ్డం వచ్చింది," అంది కళ్ళు తెరవకుండానే. "చెవులొచ్చినయ్. ముక్కు కూడా వచ్చింది. కళ్ళు వచ్చేలోపు అయిపోయింది బాబూ."

తర్వాత పీట తీసుకుని వెళ్ళిపోయింది. పొట్లం ఏమీ ఇవ్వలేదు.

ఫారం, పనయ్యాక, బి-పక్క.
మొదట: విన్నాను.
మధ్య: లేదు.
చివర: విన్నాను.
సంతకం: ఫణీంద్ర.